‘బాగుంది కానీ బోర్’: దిగులు ఆల్బమ్ మీద నలుగురి మాట చదవడం, మన మాట రాయడం

నా పని పొద్దస్తమానం వేరేవాళ్ళ మాటలు విని టైపు చేయడం. మీటింగులు, ఇంటర్వ్యూలు, ఉపన్యాసాలు, ఏది వస్తే అది. పదకొండేళ్ళుగా ఇదే పని కావడంతో రెండు అలవాట్లు ఒంటబట్టాయి. ఏం విన్నా పక్కన నిమిషం, సెకను వేసుకుంటాను. సరిగా వినపడని చోట ఊహించి నింపకుండా ‘అస్పష్టం’ అని రాసి ముందుకెళ్తాను. ఈ రెండూ ఉద్యోగానికే పనికొస్తాయనుకున్నాను. పాటల మీద అభిప్రాయాలు చదవడం, రాయడం మొదలెట్టాక వాటి అసలు విలువ తెలిసింది.

మొదలెట్టించింది మా తమ్ముడు. వాడు డ్రమ్స్ వాయిస్తాడు. చెవులు చిల్లులు పడితే తప్ప అది సంగీతం కాదన్నట్టుంటాడు. వాడే ఒకరోజు ఓపెత్ బ్యాండు ‘డామ్నేషన్’ ఆల్బమ్ పంపించి, "ఇది నీకే అక్కా, నాకొద్దు" అన్నాడు. విన్నాను. విని నాలుగు ముక్కలు రాసి పంపాను: "బాగుంది కానీ బోర్. అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయి. గిటారు పలచగా ఉంది. నాలుగో పాట ఫైలు పాడైనట్టుంది."

ఆ నాలుగు వాక్యాల్లో ఒక్కటి కూడా ఆల్బమ్ గురించి కాదని తెలియడానికి నాకు నెల రోజులు పట్టింది. ఒకటి నా మూడ్ గురించి, ఒకటి నా అలవాటు గురించి, మిగతా రెండూ నా పరికరం గురించి. తర్వాత ఇదే ఆల్బమ్ మీద జనం రాసినవి వెతుక్కుని వరసగా చదివాను. నావంటివే బోలెడు. అందుకని, ఇలాంటి ఆల్బమ్ మీద నలుగురు చెప్పేదాంట్లోంచి పనికొచ్చేది ఎలా ఏరుకోవాలో, మన అభిప్రాయం మనమెలా రాసుకోవాలో నాకు తెలిసినంత చెప్తాను. ఉదాహరణ మాత్రం మొదట్నించీ చివరిదాకా ఈ ఒక్క ఆల్బమే. పది ఆల్బమ్‌ల పేర్లు చెప్పి ఒక్కదాన్నీ సరిగ్గా చూపించకపోవడం నాకు నచ్చదు.

ముందు పుట్టుక తెలుసుకోండి

ఓపెత్ స్వీడన్‌కి చెందిన మెటల్ బ్యాండు, అంటే గట్టిగా, బరువుగా మోగే సంగీతం వాళ్ళది. ‘డామ్నేషన్’ 2003 ఏప్రిల్‌లో వచ్చింది. దానికి ఐదు నెలల ముందు, 2002 నవంబరులో, ‘డెలివరెన్స్’ వచ్చింది. రెండూ 2002లో ఒకే విడత రికార్డింగులో తయారైనవి. కడుపు ఒక్కటే, పిల్లలిద్దరు. ‘డెలివరెన్స్’లో 6 ట్రాకులు, మొత్తం గంట పైనే. పాడే మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ అందులో ఎక్కువ భాగం గ్రౌల్ చేస్తాడు, అంటే గొంతు లోతుల్లోంచి బొంగురుగా గర్జిస్తాడు. ‘డామ్నేషన్’లో 8 పాటలు, 43 నిమిషాలు. గర్జన ఒక్కటంటే ఒక్కటి లేదు. మామూలు గొంతు, శుభ్రమైన గిటారు, వెనకాల పాతకాలపు కీబోర్డు.

ఇది తెలియకుండా అభిప్రాయాలు చదివితే ఏమవుతుందో చూడండి. ఒకాయన "బ్యాండు చచ్చిపోయింది" అంటాడు. ఇంకొకామె "ఇంత మెత్తటి గొంతు ఎప్పుడూ వినలేదు" అంటుంది. ఇద్దరూ ఒకే 43 నిమిషాల గురించి మాట్లాడుతున్నారు. ఆయన ‘డెలివరెన్స్’ తలుపులోంచి వచ్చాడు, ఆవిడ నేరుగా వీధిలోంచి వచ్చింది. అందుకే ఏ అభిప్రాయం చదివినా నేను ముందు వెతికేది నక్షత్రాలు కాదు, "అంతకుముందు ఏం విన్నారు" అన్న ముక్క. చాలామంది తెలియకుండానే చెప్పేస్తారు. "ఈసారి", "మళ్ళీ", "ఎప్పటిలా", "చివరికి" లాంటి మాటలు ఉన్నాయంటే పాత శ్రోత. "మొదటిసారి", "ఎవరో చెప్తే" ఉంటే కొత్త శ్రోత. మీరే రకమో మీకు తెలుసు కాబట్టి, మీ రకంవాళ్ళ మాట ముందు వినండి. రెండో రకంవాళ్ళ మాట తర్వాతైనా సరే, తప్పకుండా వినండి.

ఇంకో సంగతి. ఈ ఆల్బమ్‌ని చాలామంది ‘అకూస్టిక్ ఆల్బమ్’ అంటారు, అంటే కరెంటు అక్కర్లేని వాయిద్యాలతో చేసినదని. నేనూ అన్నాను. తమ్ముడు విని నవ్వాడు. "అక్కా, కరెంటు పోతే ఇందులో ఎన్ని పాటలు మిగుల్తాయో చెప్పు" అన్నాడు. నిజమే. ఇందులో బేస్ (కింది స్వరాలు వాయించే గిటారు) ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, గిటార్లలో చాలావరకు ఎలక్ట్రిక్‌వే, కాకపోతే డిస్టార్షన్, అంటే గిటారు శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్టు, పెట్టకుండా వాయించారు. 2003 సెప్టెంబరులో లండన్ షెపర్డ్స్ బుష్ ఎంపైర్‌లో ఈ పాటల్ని వేదిక మీద వాయించిన వీడియో ‘లామెంటేషన్స్’ పేరుతో ఉంది. చేతుల్లో ఏమున్నాయో అందులో చూస్తే గొడవ తీరిపోతుంది.

కాబట్టి ఎవరైనా "అకూస్టిక్‌గా బాగుంది" అనో "అకూస్టిక్ కాబట్టి నచ్చలేదు" అనో రాస్తే, ఆ మాట వాళ్ళు ఏ అర్థంలో వాడారో తేల్చుకోవాలి. బరువు సంగీతం వాయించే బ్యాండ్లు మెత్తగా చేసిన ఆల్బమ్‌లు కనీసం మూడు రకాలు. పాత పాటల్నే విప్పి మళ్ళీ కుట్టినవి ఒక రకం. అనాథెమా 2008లో తెచ్చిన ‘హైండ్‌సైట్’ అలాంటిది. కాటటోనియా 2013లో తెచ్చిన ‘డీత్రోన్డ్ అండ్ అన్‌క్రౌన్డ్’ కూడా అంతే, ముందటేడు వచ్చిన ‘డెడ్ ఎండ్ కింగ్స్’ పాటల్లోంచి బరువు తీసేసి చేసింది. రెండోది, కొత్త పాటల్నే అకూస్టిక్‌గా రాసుకున్నవి. నార్వే బ్యాండు గ్రీన్ కార్నేషన్ 2006లో తెచ్చిన ‘ది అకూస్టిక్ వర్సెస్’ ఆ కోవది. అదే బ్యాండు 2001లో గంట నిడివి ఉన్న ఒకే ఒక్క పాటని ఆల్బమ్‌గా తెచ్చింది. మూడోది, ‘డామ్నేషన్’లా ఎలక్ట్రిక్ వాయిద్యాలతోనే గొంతు తగ్గించినవి. మొదటి రకం మీద వచ్చే అభిప్రాయాల్లో సగం పోలికలే ఉంటాయి, ఉండాలి కూడా. మిగతా రెండు రకాల మీద పోలికలే ఉన్నాయంటే ఆ శ్రోత ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాడని లెక్క.

చెవి కంటే ముందు తీగ చూసుకోండి

"గిటారు పలచగా ఉంది" అని రాశానన్నానుగా. దాని కథ ఇది. నా ఇయర్‌ఫోన్స్‌లో ఎడమవైపుది పోయి వారం దాటింది. నేను టైపు చేసేవన్నీ మాటల రికార్డింగులు, రెండు చెవుల్లోనూ ఒకటే వినిపిస్తుంది కాబట్టి నాకు తేడా తెలియలేదు. సంగీతం అలా కాదు. ‘విండోపేన్’ మొదటి పాట, 7 నిమిషాల 44 సెకన్లు, ఆల్బమ్‌లో అన్నిటికన్నా పొడుగు. దాన్ని తమ్ముడి హెడ్‌ఫోన్స్‌తో రెండోసారి వింటే ఎడమవైపు నుంచి ఇంకో గిటారు వచ్చింది. తలుపవతల ఎవరో ఇంతసేపూ మాట్లాడుతున్నట్టు, ఎవరో తలుపు తీసినట్టు. వారం రోజులు సగం పాట విని పూర్తి తీర్పు ఇచ్చానన్నమాట.

అందుకని అభిప్రాయం రాసే ముందు నిమిషం పని: ఫోన్ సెట్టింగుల్లో ఎడమ కుడి బ్యాలెన్స్ ఉంటుంది, అటు పూర్తిగా ఒకసారి, ఇటు పూర్తిగా ఒకసారి జరిపి రెండువైపులా శబ్దం వస్తోందో లేదో చూడండి. ఒక్క చెవితోనే వినేవాళ్ళు, వినాల్సినవాళ్ళు ‘మోనో ఆడియో’ ఆన్ చేసుకుంటే రెండువైపుల సంగీతమూ ఆ ఒక్క చెవిలోకి వస్తుంది, ఏదీ పోదు. ఇది నాకు ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది.

రెండో తప్పు, "నాలుగో పాట ఫైలు పాడైనట్టుంది." నాలుగో పాట పేరు ‘క్లోజర్’. దాదాపు ఒంటరి గిటారు, గొంతుతో మొదలవుతుంది. పోనుపోను తాళం చేరుతుంది, అదే వరస మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, తిరిగేకొద్దీ బిగుస్తుంది. ఎక్కడికో తీసుకెళ్తోంది అనుకుంటుండగా 5 నిమిషాల 15 సెకన్ల దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతుంది. తగ్గుతూ పోవడం లేదు, చివరి స్వరం లేదు. కరెంటు పోయినట్టే. నేను ఆ ఫైలు తీసేసి మళ్ళీ దింపుకున్నాను. మళ్ళీ అక్కడే ఆగింది. ఇంకోసారి దింపుకున్నాను. తమ్ముడు చూసి, "ఆ పాట అంతేనక్కా, దాని పేరేంటో చూడు" అన్నాడు. ‘క్లోజర్’ అంటే ముగింపు. ముగింపు అని పేరు పెట్టి ముగింపు ఇవ్వకుండా వదిలేశారు.

నా స్నేహితురాలు ఒకామె ఇదే పాట విని "హాయిగా తర్వాతి పాటలోకి కలిసిపోయింది" అని రాసింది. నాకు మతిపోయింది. అడిగితే తేలింది, ఆమె ఫోన్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంది. ఒక పాట అయిపోతుండగానే తర్వాతిది మెల్లగా ఎక్కే సెట్టింగ్ అది. విందు వినోదాలకి బావుంటుంది గానీ, ఆల్బమ్ వినేటప్పుడు ఆ సెట్టింగ్ పాటల అంచులన్నీ అరగదీసేస్తుంది. బ్యాండు పెట్టిన కత్తిగాటుకి ఆమె యాప్ కట్టుకట్టింది.

ఇలాంటిదే ఇంకోటి, వాల్యూమ్ సమం చేసే నార్మలైజేషన్. దీన్ని ‘ట్రాకు’ పద్ధతిలో పెడితే ప్రతి పాటనీ ఒకే ఎత్తుకి లేపుతుంది. చివరి పాట ‘వీక్‌నెస్’లో డ్రమ్స్ లేవు, పాడే గొంతు పక్కగదిలో ఉన్నంత తక్కువ. దాన్ని మిగతావాటితో సమానంగా లేపితే ఆ పాట నీరసం పోయి మామూలు పాటైపోతుంది. ‘ఆల్బమ్’ పద్ధతి ఉంటే అది పెట్టుకోండి, లేదా పూర్తిగా ఆపేయండి. షఫుల్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకా, ఎవరైనా ఆల్బమ్ ‘సౌండు’ గురించి మెచ్చుకున్నా తిట్టినా ఏ మిక్స్ (గొంతునీ వాయిద్యాలనీ పాళ్ళు చూసి కలిపిన తీరు) విన్నారో చూడాలి. 2003 నాటి మిక్స్ ఒకటి, 2015లో ‘డెలివరెన్స్’తో కలిపి మళ్ళీ విడుదల చేసినప్పటిది ఇంకోటి. ‘డామ్నేషన్’ కొత్త మిక్స్ కూడా స్టీవెన్ విల్సనే చేశాడు. ఈయన పోర్క్యుపైన్ ట్రీ బ్యాండు మనిషి, ఇంగ్లండువాడు. ఆల్బమ్‌కి సహనిర్మాత, కీబోర్డులు వాయించింది ఈయన, మూడో పాట ‘డెత్ విస్పర్డ్ ఎ లలబై’ సాహిత్యం కూడా ఈయనదే. "ఆ మూడో పాట మిగతావాటిలో కలవదు" అని ఎవరైనా రాస్తే కొట్టిపారేయకండి. రాసిన చెయ్యి వేరని తెలియకుండానే వాళ్ళ చెవి పట్టేసి ఉండొచ్చు. అలాంటి శ్రోత దొరికితే వాళ్ళు ఇంకే ఆల్బమ్ మీద ఏం రాశారో కూడా వెతుక్కుని చదువుతాను నేను.

తారీకు చూడకుండా చదవొద్దు

అభిప్రాయానికి తారీకు చాలా ముఖ్యం. ఈ ఆల్బమ్‌కి మరీనూ.

2003లో రాసినవాళ్ళకి ఇదొక ఆశ్చర్యం. నచ్చినా నచ్చకపోయినా ‘ఒక్కసారి చేసిన ప్రయోగం’ లెక్క. 2005లో ‘ఘోస్ట్ రెవరీస్’ వచ్చి గర్జన తిరిగొచ్చేసరికి వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు, అప్పట్నించి ‘డామ్నేషన్’ మీద కోపం కూడా చల్లారింది. తర్వాత 2011లో ‘హెరిటేజ్’ వచ్చింది, గర్జన లేకుండా. 2014, 2016, 2019ల్లో వచ్చిన ఆల్బమ్‌లూ అంతే. ఆ ఏళ్ళలో రాసిన అభిప్రాయాలు చూడండి, ‘డామ్నేషన్’ని అపశకునంలా చూసేవాళ్ళు కొందరు, తొలి అడుగులా చూసేవాళ్ళు కొందరు. 2024లో ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’లో గర్జన మళ్ళీ వినపడింది. ఇప్పుడు రాసేవాళ్ళు అందరితో రాజీపడి మాట్లాడుతున్నారు. ఆల్బమ్ మాత్రం 2003 నుంచి అక్కడే కూర్చుని ఉంది.

మా తమ్ముడిది 2011 నాటి కోపం. వాడికి ‘డామ్నేషన్’ నచ్చకపోవడానికి కారణం ‘డామ్నేషన్’లో లేదు. ఇది వాడికి చెప్తే ఒప్పుకోలేదు. వాడి పాత మెసేజ్‌లు తీసి తారీకులు చూపించాను. "నువ్వు కోర్టులో పనిచేయాల్సిందక్కా" అన్నాడు. అది ఒప్పుకున్నట్టే.

"అన్నీ ఒకేలా ఉన్నాయి" అంటే

నిదానపు ఆల్బమ్‌ల మీద అన్నిటికన్నా ఎక్కువ వినపడే ఫిర్యాదు ఇదే. దీన్ని నమ్మాలా వద్దా తేల్చుకోవడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఒకే మూడ్‌లో ఉన్న పాటల్ని గొంతు కోసం విన్నంతసేపూ అన్నీ ఒకేలా ఉంటాయి. కాబట్టి గొంతుని వదిలేసి ఒక్కోసారి ఒక్క వాయిద్యాన్నే పట్టుకోవాలి. ఉపన్యాసంలో వెనకాల ఫ్యాను చప్పుడు వేరు, దగ్గు వేరు అని విడదీసుకోవడం మాకు అలవాటే. సంగీతానికి కూడా అదే చెవి.

మొదటి విడత, డ్రమ్స్. మార్టిన్ లోపెజ్ వాయించాడు. నిజానికి తమ్ముడిని ఈ ఆల్బమ్ వైపు కాస్త వంచింది ఇదే. "ఇంత నెమ్మదిగా వాయించడం వేగంగా వాయించడం కంటే కష్టం, తప్పు దాక్కోవడానికి చోటుండదు" అన్నాడు. కర్ర చర్మాన్ని కొట్టినట్టుండదు, తాకి వెనక్కి తీసుకున్నట్టుంటుంది. రెండో విడత, బేస్, మార్టిన్ మెండెస్‌ది. చిన్న స్పీకర్లలో ఇది వినపడదు, హెడ్‌ఫోన్స్ కావాలి. గిటారు ఒకే చోట తిరుగుతుంటే కిందనుంచి పాటని జరిపేది చాలాచోట్ల బేసే.

మూడో విడత, మెలోట్రాన్. దీని గురించి కాస్త చెప్పాలి. ఇది 1960ల నాటి ఇంగ్లండు కీబోర్డు. ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క ఉంటుంది, ఆ టేపు మీద ముందే రికార్డు చేసిన వయొలిన్లదో, వేణువుదో, బృందగానానిదో ఒక్క స్వరం. మెట్టు నొక్కితే టేపు కదిలి ఆ స్వరం మోగుతుంది. టేపు పొడవు సుమారు 8 సెకన్లే, ఎంతసేపు నొక్కి పట్టుకున్నా అంతకుమించి మోగదు. వదిలితే టేపు వెనక్కి పోతుంది. అందుకే ఆ శబ్దంలో కొంచెం వణుకు, కొంచెం అరుగుదల ఉంటాయి. "పాత ఫోటోలా ఉంది", "డెబ్బైల వాసన" అని జనం రాసే చోట పాట పేరు చూస్తే, నూటికి తొంభైపాళ్ళు వాళ్ళు మెలోట్రాన్ గురించే అంటున్నట్టు నాకనిపిస్తుంది. పేరు తెలియక వాసన అన్నారు. ‘ఇన్ మై టైమ్ ఆఫ్ నీడ్’ పల్లవి దగ్గర వెతకండి, మొదటిసారికే పట్టుబడుతుంది.

ఈ మూడు విడతలూ అయ్యాక కూడా "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనిపిస్తే, అలాగే రాయండి. అప్పుడది తీర్పు. అంతకుముందైతే విసుగు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఏడో పాట ‘ఎండింగ్ క్రెడిట్స్’, మాటల్లేని వాయిద్యం, 3 నిమిషాల 39 సెకన్లు, నాకు ఆల్బమ్‌లో కలవలేదు. పేరేమో ముగింపు అక్షరాలు, దాని తర్వాత ఇంకో పాట ఉంది. 1970ల బ్యాండు క్యామెల్ ఛాయ అందులో చాలా స్పష్టం, ఓకర్‌ఫెల్ట్ ఆ ఇష్టాన్ని ఎప్పుడూ దాచుకోలేదు కూడా. క్యామెల్ తెలిసినవాళ్ళు దీన్ని ముద్దు చేస్తారు, తెలియనివాళ్ళు దాటేస్తారు. నేను రెండో బాపతు.

దిగులుకి సరైన మాట

ఇక్కడ తెలుగులో రాసేవాళ్ళకి ఒక లాభం ఉంది, చాలామంది వాడుకోరు. ‘శాడ్‌గా ఉంది’, ‘విషాదభరితం’ అని ఒక్క ముద్ర వేసేస్తారు. మనకి ఈ గదిలో ఎన్ని బీరువాలు ఉన్నాయి! బెంగ, దిగులు, గుబులు, విరక్తి, నీరసం, ఉక్రోషం, వేదన. ఒకదాని బదులు ఒకటి కుదరదు. బెంగకి ఒక మనిషో ఇల్లో కావాలి, ఊరికే బెంగ పెట్టుకోరు. దిగులుకి కారణం అక్కర్లేదు, సాయంత్రమైతే చాలు. గుబులు రాబోయేదాని గురించి. విరక్తి అయిపోయినదాని గురించి.

నేనొక కాగితం మీద 8 పాటల పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటే, రాయాలని పెట్టుకున్నాను. అదే మాట రెండుసార్లు వాడకూడదు. ‘హోప్ లీవ్స్’ పక్కన వెంటనే బెంగ అని పడింది, ఎవరో లేరు, ఆ లేకపోవడం చుట్టూనే పాట. ‘ఇన్ మై టైమ్ ఆఫ్ నీడ్’ దిగులు. ‘టు రిడ్ ద డిసీజ్’ విరక్తి. ‘వీక్‌నెస్’ నీరసం, పేరులోనే ఉంది గానీ నిజంగా అదే. ‘డెత్ విస్పర్డ్ ఎ లలబై’ గుబులు, జోలపాట లాంటిదే, పాడేవాళ్ళ మీదే అనుమానం. ‘క్లోజర్’ దగ్గర రెండు రోజులు ఆగాను. మొదట కోపం అని రాసి కొట్టేశాను. కోపం ఎదుటివాళ్ళ మీద. ఇది తన మీద తనకి, ఏమీ చేయలేక. ఉక్రోషం అని రాశాను. అది రాశాకగానీ ఆ పాట ఎందుకు మధ్యలో ఆగిపోతుందో నాకు అర్థం కాలేదు. ఉక్రోషంలో ఉన్న మనిషి మాట పూర్తి చెయ్యడు, విసురుగా లేచి వెళ్ళిపోతాడు.

‘విండోపేన్’ పక్కన ఇప్పటికీ ‘అస్పష్టం’ అనే ఉంది. అది కూడా నిజాయితీగా రాసిన మాటే.

ఈ పని ఇతరుల అభిప్రాయాలకి కూడా చేయొచ్చు. ఎవరైనా ‘చాలా శాడ్’ అని రాసినచోట, వాళ్ళు చెప్పిన పాట పేరు చూసి దీన్ని మన మాటల్లోకి మార్చుకుంటే, వాళ్ళకి ఏం నచ్చిందో తేలిగ్గా తెలిసిపోతుంది.

ఏడ్చినవాళ్ళ మాట

ఇలాంటి ఆల్బమ్‌కి ఐదు నక్షత్రాలిచ్చినవాళ్ళలో చాలామంది సంగీతం గురించి రాయరు. నాన్న పోయినప్పుడు విన్నాను, విడిపోయినప్పుడు విన్నాను, నిద్రపట్టని రోజుల్లో విన్నాను. మధ్యస్థంగా మార్కులిచ్చినవాళ్ళనే నమ్మమని అందరూ సలహా ఇస్తారు. దిగులు ఆల్బమ్ విషయంలో నేను ఒప్పుకోను. మందు పనిచేసిందో లేదో జ్వరం వచ్చినవాణ్ణే అడగాలి. కాకపోతే వాళ్ళ దగ్గర తీసుకోవాల్సింది ‘ఎప్పుడు పనిచేస్తుంది’ అన్నది, ‘ఎంత గొప్పది’ అన్నది కాదు. చదివి చదివి నేను గమనించింది ఒకటుంది. దుఃఖం పచ్చిగా ఉన్న రోజుల్లో ఈ ఆల్బమ్ పట్టుకున్నానని రాసినవాళ్ళు నాకు తక్కువ కనపడ్డారు. కాస్త ఆరాక, మూడో నెలో ఆరో నెలో, ఇది దొరికిందన్నవాళ్ళే ఎక్కువ.

ఈ ఆల్బమ్‌ల రికార్డింగ్ కాలంలోనే ఓకర్‌ఫెల్ట్ నాయనమ్మో అమ్మమ్మో కారు ప్రమాదంలో పోయారు, రెండు ఆల్బమ్‌లూ ఆవిడకే అంకితం. ఇది తెలిశాక కొందరు ప్రతి పాటనీ ఆవిడ మీద రాసిందిగానే వింటారు. అంకితం వేరు, విషయం వేరు. అలా చదివిన అభిప్రాయాల్ని నేను పక్కన పెడతాను, కొంచెం బాధతోనే.

పనికొచ్చే వ్యతిరేకులు కూడా ఉంటారు, వాళ్ళని వదలకండి. బ్యాండు గురించి అంతా తెలిసి, ఒక్క నక్షత్రమిచ్చి, కారణం చెప్పేవాళ్ళు. "ఈ బ్యాండు మెత్తదనం బాగుండేది గర్జన పక్కన ఉన్నప్పుడే, విడదీస్తే రెండూ చప్పబడ్డాయి" అనే వాదన ఒకటి చాలాచోట్ల కనపడుతుంది. నేను ఒప్పుకోను గానీ, దానికి జవాబు చెప్పాలంటే ‘డెలివరెన్స్’ వినక తప్పలేదు. గంట సేపు అరుపులు. ఒక వ్యతిరేక అభిప్రాయం నాచేత ఇంకో ఆల్బమ్ వినిపించిందంటే అది మంచి అభిప్రాయమే.

ఇక మీది రాయండి

మూడుసార్లు వినండి, మూడు వేర్వేరు రోజుల్లో. మొదటిసారి ఏమీ రాయొద్దు. రెండోసారి నిమిషాలు, సెకన్లు మాత్రం వేసుకోండి, పక్కన రెండే రెండు మాటలు: ‘గొంతు దగ్గరైంది’, ‘బేస్ ఆగింది’, ‘విసుగు’, ఏదైతే అది. మూడోసారి సాహిత్యం ముందు పెట్టుకుని వినండి. సాహిత్యం ముందే చదివితే చెవికంటే కళ్ళు ముందు వెళ్ళిపోతాయి, అందుకే చివర్న.

రాసేటప్పుడు మీరు ఎక్కడినుంచి వచ్చారో ఒక వాక్యం, ఎలా విన్నారో ఒక వాక్యం. తర్వాత మీకు బాగా దొరికిన ఒక్క చోటు గురించి వీలైనంత రాయండి. 8 పాటలకీ తలో వాక్యం పంచకండి, అది హాజరు పట్టీ అవుతుంది. ‘అద్భుతం’, ‘అమోఘం’ రాయబోతున్నారనుకోండి, ఆ మాట బదులు ఏ సెకను దగ్గర అలా అనిపించిందో రాసి చూడండి, సగంసార్లు ఆ మాట అవసరమే ఉండదు. నచ్చనిది ఒక్కటైనా రాయండి. చిన్నదైనా ఫర్వాలేదు.

నేను రెండోసారి రాసింది ఇది:

"మెటల్ అలవాటు లేదు, తమ్ముడు పంపితే విన్నాను. రాత్రిపూట, హెడ్‌ఫోన్స్‌తో, క్రాస్‌ఫేడ్ లేకుండా, మూడుసార్లు. మొత్తమ్మీద ఇది ఎవరికో చెప్పాలనుకుని గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చిన మనిషి ఆల్బమ్. ‘క్లోజర్’లో అదే వరస తిరిగి తిరిగి బిగుసుకుంటుంది, 5 నిమిషాల 15 సెకన్ల దగ్గర తెగిపోతుంది. తెగిన తర్వాత వచ్చే ఆ రెప్పపాటు నిశ్శబ్దం కోసమే నేను మళ్ళీ వింటున్నాను. ఏడో పాట అక్కర్లేదు. మొదటి పాట ఏమిటో నాకింకా అంతుపట్టలేదు."

తమ్ముడికి పంపాను. గంట తర్వాత ఫోన్ చేశాడు. "ఆ ‘క్లోజర్’ ముక్క ఉంచక్కా. గుమ్మం, మనిషి అన్నావే, అది తీసెయ్. అది పాటలో లేదు, నువ్వు పెట్టింది" అన్నాడు.

మళ్ళీ విన్నాను. నిజమే, లేదు. తీసేశాను.